రాతి సందులో ఎర్రచుక్క

తడిగుడ్డ గోడ అంచు దాకా వచ్చి ఆగింది. అక్కడికి రాగానే నడుము మీద చెయ్యి వేసుకుని తలెత్తడం గుడ్డక్కకు ఇరవై రెండేళ్ల అలవాటు. బొమ్మల హాలు తుడిచేది కాబట్టి గుడ్డక్క. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఎదురుగా గోడ మీది పెద్ద బొమ్మలో రాళ్ల సముద్రపొడ్డు. రంగును కుంచెతో కాదు, తాపీతో మెత్తినట్టుంటుంది. నల్లరాళ్లు ఒకదాని మీదొకటి ఎగబడుతుంటే, అల తెల్లగా లేచి వాటి మొహాన కొడుతుంది. దగ్గరికి పోతే అలలూ లేవు, రాళ్లూ లేవు, అంతా గడ్డకట్టిన రంగే. నాలుగడుగులు వెనక్కి వేస్తే మళ్లీ హోరు. ఆ మాయేమిటో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

రెండు రాళ్ల సందులో కందిగింజంత ఎర్రచుక్క ఉంది. తగువంతా దానిమీదే.

"మనిషి," అనేది గుడ్డక్క. "అల వచ్చేలోగా పైకెక్కాలి పాపం."

"పీత," అనేవాడు ఆమె అన్నయ్యా అని పిలిచే హాలు కాపలాదారు, కుర్చీలోంచి కదలకుండా. "కళ్లజోడు పెట్టించుకో."

"రోజంతా కునికే కళ్లు నీవి. నాకు చెప్పొచ్చావు."

ఈ తగువు సాగుతుండగానే ఆమె మొగుడు పోయాడు, మోకాళ్లు అరిగాయి, కూతురికి కూతురు పుట్టింది.

నెల రోజులుగా అన్నయ్య మంచంలో ఉన్నాడు. మొన్న చూడబోయి, ఏమైనా తిన్నావా అంటే, ముట్టని గంజి పక్కకు నెట్టి, "అదేమిటో తేలిందా?" అన్నాడు.

ఇవాళ తేలుతుంది. బొమ్మ మీది పొగచూరు తుడిచే అమ్మాయి దూదీ భూతద్దమూ పట్టుకుని వచ్చింది. గుడ్డక్క బకెట్ పక్కన పెట్టి ఆమె భుజం వెనక నిలబడింది.

"అమ్మా, ఆ ఎర్రది కాస్త చూసి చెప్పు. మనిషా, పీతా?"

అమ్మాయి చాలాసేపు చూసింది. "రెండూ కాదు పెద్దమ్మా. కుంచె విదిలించినప్పుడు పడ్డ చుక్క. వేసినాయన చూసుకున్నట్టు లేదు." నవ్వింది. "తీసేస్తే మీ తగువు తీరిపోతుంది."

ఇన్నేళ్లుగా ఆ సందులో ఉన్న మనిషి ఇప్పుడెక్కడికి పోవాలి?

"ఉండనియ్యమ్మా. దాని మానాన అది ఉంది."

మిగతా హాలు తుడుస్తూ ఆలోచించింది. చుక్క అంటే అన్నయ్య ముఖం మాడిపోతుంది. పీతే అని చెబుదాం. ఒక్కసారి గెలవనీ, ఆ సంబరానికైనా రెండు ముద్దలు దిగుతాయి.

సాయంత్రం ఆ వీధి మలుపు తిరిగేసరికి, అన్నయ్య గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. ఆయన కూతురు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మధ్యాహ్నం నిద్రలోనే పోయారత్తా. పొద్దున మీకో మాట చెప్పమన్నారు. అది మనిషేనట, ఆయనే ఓడిపోయారట. ఏమిటత్తా అది?"

గుడ్డక్క ఆ పిల్ల చెయ్యి నిమిరింది.

"ఏం లేదమ్మా. నేను ఆడాల్సిన అబద్ధం ఆయనే ముందు ఆడేశాడు."

మర్నాడు తడిగుడ్డ గోడ అంచు దాకా వచ్చి ఆగింది. బొమ్మకెదురుగా ఖాళీ కుర్చీ. ఊగకుండా ఎప్పుడో ఆమె మడిచి పెట్టిన గుడ్డముక్క, ఆయన బరువుకు అట్టలా అణిగి, కుర్చీ కుంటికాలి కింద అలాగే ఉంది.