పులిసిన మట్టి

తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు నడుపుకునే సుబ్బయ్యకు ఊరికి ఎగువన మెట్టలో కొంత ఎర్రనేల ఉంది. ఆ ఉదయం మొక్కజొన్న విత్తనం వేయడానికి ఇంటిల్లిపాదీ ఆటోలో వెళ్లారు. అందరూ దిగుతుండగా ఆయన భార్య రత్నాంబ, కొత్త కోడలు సింధూరి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఆటోలోనే కూర్చో అమ్మా. ఎండకి కందిపోతావు," అంది.

"అలాగేనండీ అత్తయ్యగారూ," అని సింధూరి కూర్చుండిపోయింది.

చూసేవారికి ఎంత ముచ్చటైన అత్త అనిపిస్తుంది. కానీ అప్పటికి ఎండ ఎక్కనే లేదు. సింధూరి కాపురానికి వచ్చాక వేసిన మొదటి పంట చేతికి రాలేదు. ఆ పిల్ల అడుగు మంచిది కాదేమోనన్న అనుమానం రత్నాంబ మనసులో నాటుకుపోయింది. మన ఇళ్లలో ఇటువంటి నిందలు అరుపులతో మొదలవ్వవు. ఇలా మెత్తని మాటల చాటునే పెరుగుతాయి.

కోడలు చేలో కాలు పెట్టకపోయినా రెండో పంటా అలాగే అయింది. మొక్కలు మోకాలెత్తయినా ఎదగకుండా పసుపు తిరిగిపోయాయి. నీళ్లు పెట్టారు, యూరియా చల్లారు. ఫలితం లేకపోయింది. రత్నాంబ అనుమానం మాత్రం తగ్గలేదు.

"ఏవండీ, ముందు భూశాంతి చేయించండి. అప్పటికీ బాగుపడకపోతే అమ్మాయిని కొన్నాళ్లు ఏలూరులో వాళ్ల పుట్టింట్లో ఉంచుదాం," అంది భర్తతో. ఆ మాట పక్కగదిలో ఉన్న సింధూరి చెవిన పడింది. ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. రత్నాంబ అది చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

శాంతికి ఉంగుటూరు నుంచి పురోహితుడు దత్తాత్రేయులు వచ్చారు. ఆయన్ను స్కూటరు మీద తీసుకొచ్చింది కూతురు వీణ. ఆమె వ్యవసాయాధికారిగా పనిచేస్తోంది. పీట వేయబోతూ పంతులుగారు చేను వైపు చూసి ఆగారు.

"చేనంతా ఇలా ఉంటే, గట్టు వెంబడి మొక్కలు అంత ఏపుగా ఉన్నాయేమిటమ్మా?"

వీణ వెళ్లి చేలో ఒక మొక్కను, గట్టు పక్కన ఒక మొక్కను పెకలించి తెచ్చింది. గట్టు దగ్గరి మొక్కకు వేళ్లు జుట్టులా గుబురుగా ఉన్నాయి. చేలోని దానికి పీచువేళ్లే లేవు. ఉన్న నాలుగు వేళ్లూ పొట్టిగా, లావుగా, కొనలు మాడినట్టున్నాయి.

"ఇక్కడ పైమట్టి తీశారాండీ?" అని అడిగింది.

సుబ్బయ్య కాస్త తడబడ్డాడు. "మా అబ్బాయి పెళ్లి నెలలోనేనమ్మా. ఇళ్ల స్థలాలు మెరక చేసుకోవడానికి ఎర్రమట్టి కావాలంటే తవ్వుకోనిచ్చాను. గట్టు పక్కన మాత్రం వదిలేశారు."

"అయితే కింద ఉన్న పులిసిన మట్టి, అంటే ఆమ్లం ఎక్కువున్న మట్టి, బయటపడినట్టుందండీ. అలాంటి మట్టిలో అల్యూమినియం కరిగి వేళ్ల కొనల్ని చంపేస్తుంది."

"అల్యూమినియమా? మన గిన్నెల్లో ఉండేదేనా?" అంది రత్నాంబ.

"అదేనండీ. ప్రతి మట్టిలోనూ ఉంటుంది. మట్టిలో పులుపు పెరగనంతకాలం దాని వల్ల హాని లేదు. వేరు ఎదగకపోతే పక్కనే నీరున్నా మొక్క తాగలేదు. యూరియా వేసేకొద్దీ పులుపు ఇంకా పెరుగుతుంది. ఒకసారి మట్టి పరీక్ష చేయిద్దాం."

"కానీ పంతులుగారూ, మా కోడలు వచ్చినప్పటి నుంచే కదండీ ఇలా..." రత్నాంబ మాట పూర్తి చేయలేకపోయింది.

దత్తాత్రేయులు సామగ్రి సంచిలో సర్దేశారు. "మట్టి తీసిందీ ఆ నెలలోనే కదమ్మా. తవ్వించిన వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన పిల్లని అన్నారు. ఈ శాంతి నేను చేయను."

రత్నాంబకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి రాగానే వంటింట్లో ఉన్న కోడలి దగ్గరకు వెళ్లింది.

"నీ మీద లేనిపోని నింద వేశానమ్మా. తప్పు నాదే."

సింధూరి కళ్లు తుడుచుకుంది. "మీరు పైకి ఎప్పుడూ అనలేదు కదండీ. అందుకే ఏం జవాబు చెప్పాలో నాకు తెలిసేది కాదు."

ఆ మాట రత్నాంబకు తిట్టుకంటే గట్టిగా తగిలింది.

పరీక్షలో వీణ అనుమానమే నిజమైంది. ఆమె చెప్పినట్టు మట్టిలో పులుపు తగ్గడానికి చేలో సున్నం, పశువుల ఎరువు కలిపి దున్నించారు. మొదట బొబ్బర్లు వేయమంది. కొన్ని మొక్కలు వేరు కొనల నుంచి ఒక రకం ఆమ్లాన్ని వదిలి, ఆ అల్యూమినియం విషాన్ని వేరు బయటే పట్టి ఉంచుతాయని, బొబ్బర్లలో అలా తట్టుకునే రకాలున్నాయని వివరించింది. సుబ్బయ్య మళ్లీ ఎవరికీ మట్టి ఇవ్వలేదు. పంట విరగకాయలేదు గానీ, చేనంతా పచ్చగా అల్లుకుంది. అత్తాకోడళ్లిద్దరూ కలిసి కాయలు కోసుకొచ్చారు.

కొన్నాళ్లకు కలిదిండి నుంచి చుట్టపుచూపుగా ఒకావిడ వచ్చింది. మాటల మధ్యలో గొంతు తగ్గించి, "మా కోడలు వచ్చిందగ్గర్నుంచీ చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయి వదినా," అంది.

రత్నాంబ ఆమెకివ్వడానికి బొబ్బరికాయలు సంచిలో పోస్తూ ఆగింది.

"చెరువు నీళ్లు పరీక్ష చేయించారా వదినా? ముందు ఆ పని చేయండి. నేలకో నీటికో జబ్బు చేస్తే దానికి మందు ఉంటుంది. ఆ నెపం ఆడపిల్ల మీద వేస్తే పంటా దక్కదు, ఆ పిల్ల మనసూ దక్కదు."