అక్క తెచ్చిన గాలి

తమ్ముడి ఫ్యాన్ ఇవాళ గట్టెక్కాలని అక్క మొక్కని దేవుడు లేడు.

ఇంకా జనం ఎక్కని కొత్త మెట్రో లైను అది. టన్నెల్ పక్క గదిలో మనిషెత్తు ఫ్యాను. లోపల పొగ కమ్మితే బయటికి లాగెయ్యడం దాని పని. రైలు దూసుకొచ్చేటప్పుడు ముందున్న గాలంతా వచ్చి దాని మొహాన కొడుతుంది. ఆ దెబ్బకి ఉక్కిరిబిక్కిరి కాకుండా తిరగాలి, అదీ పరీక్ష. చేసేది తమ్ముడు, రైలు నడిపేది అక్క. ఫ్యాన్ పరీక్ష తప్పితే సముద్రం అవతల ఫ్యాక్టరీకి వెనక్కి పోతుంది. దాన్ని బాగుచేయించడానికి తమ్ముడూ పోవాలి. ఎంత లేదన్నా ఏడాది.

ఏడాది! చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగే మనిషి వాడు. వాడు లేకపోతే తను రోజూ ఎవరిమీద అరవాలి? ఇల్లు బోసిపోయినట్టు అక్కకి ఇప్పటినుంచే దిగులు.

అందుకే ఫ్యాన్ గది దగ్గరపడేసరికి ఆమె చెయ్యి స్పీడు తగ్గించింది. చిన్నప్పుడు పరుగుపందెంలో చెప్పు తెగినట్టు నటించి వాణ్ణి గెలిపించిందీ ఈ అక్కే.

వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా, చెప్పు తెగిందా?"

"ఏం వాగుతున్నావురా? ఫ్యాన్ తిరిగిందా లేదా?"

"తిరిగింది. నువ్వు తెచ్చిన గాలికి ఇక్కడ కాగితం కూడా కదల్లేదు. వెనక్కెళ్ళి ఫుల్ స్పీడులో రా."

"తిరిగిందిగా! పాసనేసి ఇంటికి పద."

"రేపట్నుంచి ఈ టన్నెల్లో రోజూ తిరిగేది ఎవరు? పొగలో ఇరుక్కుంటే నిన్ను కాపాడాల్సింది ఇదే కదక్కా!"

ఇన్నాళ్ళూ వాడి బాగోగులు తనే చూస్తున్నాననుకుంది, పిచ్చిది. రైలు వెనక్కి తీసుకెళ్ళింది.

ఈసారి ఆమె చెయ్యి వెనకాడలేదు. రైలు గది ముందునుంచి దూసుకుపోతుంటే వాకీటాకీలో ఫ్యాన్ మోత వినబడింది. అది బొంగురుపోయి, గడగడా వణికి, ఆగిపోయింది.

"పోయింది," అన్నాడు తమ్ముడు. "రెక్కల వంపు మార్పించాలి."

ఆమె రైలు ఆపి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పుడు బయల్దేరాలిరా?"

"వచ్చే వారం."

"వెళ్ళు. శ్రద్ధగా చేయించుకురా. ఏదో మమ అనిపించుకుని వచ్చావో, చూసుకో! ఇంతకంటే గట్టిగా వస్తాను," అంది అక్క ఏడుస్తూనే.