వేలు పడని మనిషి

వేలిముద్ర పడని మనిషి ఏడాది తిరక్కుండానే చనిపోతాడు. చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక హాస్టళ్ల సందులో ఈ మాటను నమ్మనివారు లేరు. బొటనవేలిని వేలిముద్రల యంత్రం గుర్తించడం లేదంటే రక్తం వేళ్ల కొసల నుంచి వెనక్కి మళ్లుతోందని అర్థమట. ప్రాణం కూడా ఆ వెనకే బయలుదేరుతుందట. ఒక హాస్టల్ కాపలాదారు మట్టయ్య వేలు నిరుడు ఎండాకాలంలో పడలేదు, దసరాకు అతను లేడు. రేషన్ దుకాణంలో వెంకాయమ్మ వేలు మూడు నెలలు పడలేదు, నాలుగో నెలలో కార్డులోంచి ఆమె పేరే తీసేశారు. మట్టయ్యకు డెబ్బై రెండేళ్లని, రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడని ఎవరికీ గుర్తు రాలేదు. వేలు పడక పోయినవాళ్లను సందంతా లెక్కపెట్టింది గాని, వేలు పడకపోయినా తిరుగుతున్నవాళ్లను లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు.

హాస్టల్లో గిన్నెలు తోమే ముత్తమ్మ ఆ ఉదయం హాజరు యంత్రం ముందు నిలబడటం అది ఐదోసారి. ‘ప్లీజ్ ట్రై అగైన్’ అంది యంత్రం. ఆ మాటలకు అర్థం ఆమెకు తెలియదు. కాని కాదనడం ఏ భాషలోనైనా తెలిసిపోతుంది. గబగబా వెనక్కి వెళ్లి, గిన్నెలు తోమే చోట కూర్చుని, స్టీలు పీచుకు సోడాపొడి అద్ది బొటనవేలిని రుద్దింది. మసిపట్టిన గిన్నె తోమితే తళతళలాడుతుంది, జిడ్డుపట్టిన గచ్చు కడిగితే అద్దమవుతుంది. వేలికి పట్టినదేదో కూడా రుద్దితే వదలకపోతుందా అన్నది ఆమె తర్కం. పన్నెండేళ్లుగా తోమడమే పనిగా బతికిన మనిషికి అంతకన్నా మంచి వైద్యం ఏం తోస్తుంది? ఆగస్టు నుంచి రోజూ ఇదే వైద్యం. వేలు మాత్రం సబ్బుబిళ్లలా నున్నబడుతూనే ఉంది.

“పెద్దమ్మా, గింతగనం రుద్దితె ఏలు మిగుల్తదా?” అంది చపాతీలు ఒత్తే జ్యోతిక. చేతికంటిన పిండి దులుపుకొని, నడుస్తూ నడుస్తూనే యంత్రం మీద వేలు ఆనించింది. ‘థాంక్యూ’ అంది యంత్రం.

“నీకైతే గిట్ట ముట్టంగనే పల్కుతది,” అంది ముత్తమ్మ. “నన్ను జూస్తె దానికి పగ.”

యంత్రం వచ్చింది జూన్‌లో. అది ఇంటర్ చదివే ఆడపిల్లల హాస్టల్. ఏప్రిల్, మే నెలల్లో మూతపడి ఉంటుంది. ఆ రెండు నెలలు ముత్తమ్మ తన ఊళ్లో, చిట్యాల అవతల, అక్క ఇంట ఉండి వచ్చింది. తిరిగి రాగానే రెండు బొటనవేళ్లూ యంత్రంలో ఎక్కించారు. అప్పుడు సునాయాసంగా పడ్డాయి. జులై చివరికి తడబడ్డాయి. ఆగస్టులో రెండూ ఆగిపోయాయి. ఎనభై మంది పిల్లలు, పూటకు ఎనభై కంచాలు, వంటవి పెద్ద బగోనలు ఏడు. అడుగంటిన బగోనకు యాసిడ్ పోయాలి, గచ్చుకు బ్లీచింగ్ చల్లాలి. జీతం పదకొండు వేల ఐదు వందలు. సరూర్‌నగర్‌లో ఒంటి గదికి కిరాయి ఐదు వేలు.

హాస్టల్ యజమాని ఇందిరాదేవి తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. చెడ్డదని ఎవరూ అనరు. ముత్తమ్మకు డెంగీ వచ్చినప్పుడు మూడు రోజులు క్యారేజీ పంపింది. అయినా మొన్న వడ్డన పని ముత్తమ్మ చేతుల్లోంచి తీసేసింది, మంచినీళ్ల పాత్ర ముట్టవద్దంది. యంత్రంలో లేని రోజు ఇకపై జీతంలోనూ ఉండదని కొడుకు శ్రీకర్ పెట్టిన కొత్త నియమం గురించి చెప్పడానికి ఆ రోజు ఆమెను గదిలోకి పిలిచింది. డిసెంబరు ఒకటి దాకా హాజరు పుస్తకంలో తనే రాస్తానని, ఆ తర్వాత తన చేతిలో లేదని మెత్తగా చెప్పింది. చెప్పి కాసేపు గాజులు సర్దుకుంది.

“ఏమనుకోకు ముత్తమ్మా. నాకిలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ పిల్లల తల్లిదండ్రులు వింటే ఏమంటారు చెప్పు? రేపు నీకేదన్నా అయితే హాస్టల్ పేరు పోతుంది.”

“నాకేమైతదమ్మా?”

“ఏమీ కాకూడదనేగా నేననేది.”

ముత్తమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. మెట్లు దిగుతూ తన ఊపిరిని తానే విన్నది. మూడో మెట్టు దగ్గర అది కొంచెం బరువెక్కినట్టు అనిపించింది. అంతకు ముందు ఎన్నడూ ఆమె తన ఊపిరిని వినలేదు.

ఆ రోజు మొదలు ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, అన్నం ముందు కూర్చుంటే కడుపు నిండినట్టుండటం, వెతికిన కొద్దీ ఒంట్లో ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది. కొడుకు జగన్ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. అతని ఫోన్‌కు ఎవరో పెద్ద డాక్టరుదని చెప్పుకొనే గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వేలి గీతలు చెరగడం లోపలి అవయవాలు అలిసిపోవడానికి మొదటి గుర్తని ఆ గొంతు అంటోంది. జగన్ దాన్ని తల్లికి రెండుసార్లు వినిపించాడు. ఒళ్లంతా పరీక్ష చేయిస్తానన్నాడు, రెండు వేల ఐదు వందలకు అన్నీ చూస్తారట.

“పోయేదాన్నయితే గన్ని పైసలు ఎందుకు దండుగ? పోనిదాన్నయితె అసలే ఎందుకు?” అంది ముత్తమ్మ.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మరునాడు కాళ్ల కడియాలు తీసి మనవరాలికి తొడగబోతే, కోడలు స్వప్న ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకుంది. వదిలించుకుని ముత్తమ్మ గూట్లో గిన్నెలన్నీ దించి, మళ్లీ తోమి, మళ్లీ పేర్చింది.

నవంబరు మొదటి వారంలో, నురగ నిండిన తొట్టిలో చెయ్యి పెట్టగానే చురుక్కుమంది. ఎవరో పగిలిన ఆవకాయ సీసాను కంచాల మధ్యనే పడేశారు. కుడి బొటనవేలి మొదట్లో ఒకటిన్నర అంగుళాల మేర తెగింది. జ్యోతిక తన చున్నీ చింపి కట్టి, పిండి చేతులతోనే బస్తీ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ ఉదయలక్ష్మి నాలుగు కుట్లు వేసి, వేలంతా కప్పి కట్టు కట్టింది. కట్టు మార్పించుకుంటూ ఉండాలని, గాయం పూర్తిగా మానేదాకా ఆ వేలికి సబ్బుగాని యాసిడ్ నీళ్లుగాని తగలకూడదని గట్టిగా చెప్పింది. వేలు పడకపోవడం చావుకేనా అని కూడా అడగాలని ముత్తమ్మకు ఉంది. పెదవుల దాకా వచ్చింది. వెనక నలభై మంది వరసలో ఉన్నారు. అడగకుండానే లేచింది.

పనికి పోకుండా నెల గడవదు. అందుకని పీచు ఎడమ చేతికి మారింది. కట్టు మీద పెరుగు ప్యాకెట్ కవరు తొడిగి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి, ఆ చేత్తో బగోన అంచు పట్టుకునేది. పని సగం వేగంతో సాగింది. రాత్రి ఎనిమిదికి పోవలసిన మనిషి తొమ్మిదిన్నరకు పోయేది. నెలాఖరు దగ్గరపడే కొద్దీ ఆమెకు రెండు భయాలు కలిసిపోయి ఒకటే అయ్యాయి. ఒకటో తారీఖున యంత్రం తనను కాదంటుంది. అంటే కొలువూ పోతుంది, తానూ పోతుంది.

డిసెంబరు ఒకటిన హాస్టల్ మెట్ల మీద ఒక కొత్త మనిషి కూర్చుని ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిందట, ముత్తమ్మ పనికి పదివేలకు ఒప్పుకుందట. ఆమె ముత్తమ్మకేసి చూసి, తప్పు చేసినదానిలా చూపు దించుకుంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ముత్తమ్మకు వ్యవధి లేదు. యంత్రం పక్కన ఇందిరాదేవి నిలబడి ఉంది.

ముత్తమ్మ కట్టు విప్పింది. ఇరవై ఆరు రోజులు గుడ్డ కింద దాగిన వేలు తెల్లగా, చంటిపిల్ల వేలిలా మెత్తగా ఉంది. యంత్రం మీద ఆనించి కళ్లు మూసుకుంది.

‘థాంక్యూ.’

ఇందిరాదేవి ముఖం విప్పారింది. నిజంగానే సంతోషించింది. “చూశావా, శనివారం నీ పేరు మీద అర్చన చేయించాను. ఊరికే పోతుందా?” అంది. మెట్ల మీది మనిషిని ఇంకాసేపు ఉండమని, ముత్తమ్మను వెనక్కి వెళ్లమని చెప్పింది. రాత్రి సాంబారు బగోన బాగా మాడిపోయిందట. యాసిడ్ సీసా అక్కడే పెట్టించిందట.

ముత్తమ్మ కదలలేదు. కుడి వేలిని కిటికీ వెలుగులోకి పెట్టి చూసింది. దుక్కి దున్నిన చేనులో సాళ్లలా, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి గీతలు తేలి ఉన్నాయి. ఎడమ వేలిని దాని పక్కన పెట్టింది. నున్నగా ఉంది. ఆ ఎడమ వేలిని యంత్రం మీద ఆనించింది. ‘ప్లీజ్ ట్రై అగైన్.’ మళ్లీ కుడిది. ‘థాంక్యూ.’ మళ్లీ ఎడమది.

“పడింది కదా, ఇంకా దాంతో ఆటలేమిటి?” అంది ఇందిరాదేవి.

ముత్తమ్మ జ్యోతికను పిలిచింది. ఆమె చెయ్యి తిప్పి చూసింది. రోజంతా గోధుమపిండిలో మెదిలే వేళ్లు. పదింటి మీదా గీతలున్నాయి. ముత్తమ్మ ఆ చేతిని వదిలి, తన రెండు చేతులనూ ఎదురెదురుగా పట్టుకుని చూసుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు తన ఊపిరి వినిపించలేదు.

“అమ్మా, గా యాసిడ్ నేను ముట్ట.”

“ఏమిటీ?”

“రబ్బరు గ్లౌజులు దెప్పియ్యి. అవి ఒచ్చినంక తోముత.”

“పన్నెండేళ్లుగా లేనిది ఇవాళ కొత్తగా ఎందుకు?”

“పన్నెండేండ్లు నేను సూస్కోలే.”

ఇందిరాదేవికి ఇది మొండితనంలా తోచింది. గ్లౌజులు జత నూట ఇరవై అని, నెలకోసారి చిరుగుతాయని, ఒకరికి ఇస్తే గచ్చు కడిగేవాళ్లూ బాత్రూములు కడిగేవాళ్లూ అందరూ అడుగుతారని అంది. “అడగాల్నె గద,” అని జ్యోతిక నేలకేసి చూస్తూ గొణిగింది. ఇందిరాదేవి మాట ఆపి మెట్లవైపు చూసింది. అక్కడున్న మనిషి టిఫిన్ డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడింది. కాని లోపలికి అడుగు వేయలేదు. తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంటోంది.

వెనక తోమేచోట సాంబారు బగోన అలాగే ఉంది. దాని పక్కన యాసిడ్ సీసా మూత తీయకుండా ఉంది. కుడి బొటనవేలికి ఇరవై ఆరు రోజులు ఆ యాసిడ్ తగలలేదు, దానికి గీతలు తిరిగి వచ్చాయి. ఎడమదానికి రోజూ తగిలింది, దానికి రాలేదు. రెండు వేళ్లూ ఒక్క మనిషివే.