వెనక రబ్బరు పట్టీ

విమానాలు నిలిపే కొత్త హ్యాంగరుకు పెద్ద మెకానిక్‌గా నౌమాన్ పేరు వినబడినప్పటి నుంచి సదానందం కళ్లలో నిప్పులు పోసుకుంటున్నాడు.

రియాద్ బయట, ఇసుక మధ్యన ఉన్న ఆ చిన్న విమానాల క్లబ్బుకు ముందొచ్చింది తను. ఒంటి ఇంజను విమానాల సిలిండర్లు ఆ ఎండకు మాడిపోకుండా ఇన్నేళ్లూ కాచుకున్నదీ తనే. నిన్నగాక మొన్న కడప నుంచి దిగిన నౌమాన్‌నేమో క్లబ్బు నడిపే కెప్టెన్ ఫవ్వాజ్ ఇవాళ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పైకి తీసుకుపోతున్నాడు. జగిత్యాల సదానందాన్ని ఒక్కనాడూ రమ్మన్న పాపాన పోలేదు.

ఇంజను మూత ఒకరు బిగిస్తే, ఆయిలు పోసే చిన్న తలుపులోంచి రెండోవాడు టార్చి వేసి చూడాలి. అది అక్కడి కట్టుబాటు.

"ఓ చూపు చూడన్నా. నువ్వు చూసినావంటే నాకు ధైర్యం," అన్నాడు మూత బిగించిన నౌమాన్.

ఆ మర్యాద కూడా ముల్లులా గుచ్చుకుంది. సదానందం వంగి చూశాడు. ముందు నుంచి దూరిన గాలి సిలిండర్ల సందుల్లోంచి కిందికి దిగితేనే అవి చల్లబడతాయి. ఆ గాలి తప్పించుకోకుండా చుట్టూ రబ్బరు పట్టీలు లోపలికి వంగి, మూతకు ఆనుకుని ఉండాలి. వెనక పట్టీ బయటికి మడతపడి ఉంది. గాలంతా అటునుంచే జారిపోతుంది.

"మంచిగనే ఉన్నది తమ్మీ," అన్నాడు.

చంపాలని కాదు. ఎగరబోయే ముందు రన్‌వే చివర ఇంజనును గట్టిగా తిప్పి చూస్తారు. అక్కడే వేడి చూపే మీటరు ముల్లు లేస్తుంది, కెప్టెన్ వెనక్కి తిప్పుకొచ్చి అందరి ముందూ నౌమాన్‌ను కడిగేస్తాడు. కొత్త హ్యాంగరు తనదవుతుంది. ఇదీ అతని లెక్క.

లెక్కను గాలి చెడగొట్టింది. పొద్దుటి నుంచి వీస్తున్న ఎడారిగాలి విమానం ముక్కుకు ఎదురుగా కొట్టింది. ఇంజను చల్లగానే ఉంది. ముల్లు కదల్లేదు. విమానం లేచిపోయింది.

సదానందం రేడియో దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే స్పీకర్లో కెప్టెన్ గొంతు విసుక్కుంటోంది. మూడో సిలిండరు వేడి ఎర్రగీత దగ్గరికి వచ్చిందట, ఆ మీటరు కొత్తది, అబద్ధం చెబుతోందట. తను పైకే పోతానంటున్నాడు. ముక్కెత్తి మెల్లగా ఎక్కేకొద్దీ లోపలికి దూరే గాలి ఇంకా తగ్గుతుంది. సిలిండరు పగిలితే కింద రాళ్లగుట్టలు తప్ప దిగే చోటు లేదు.

సదానందం మైకు అందుకున్నాడు. పట్టీ సంగతి చెబితే తను దొరికిపోతాడు. చెప్పకపోతే వాళ్లు మీటరును నమ్మరు.

"నౌమాన్, మీటరు అబద్ధం చెప్తలేదు. వెనక పట్టీ మడత వడ్డది. ముక్కు దించుమను, పవరు తగ్గియ్యిమను. జల్ది చెప్పు."

 స్పీకర్లో నౌమాన్ ఉర్దూలో కెప్టెన్‌కు ఏదో గట్టిగా చెప్పడం వినిపించింది.

విమానం క్షేమంగా దిగాక కెప్టెన్ చేతులు కాలుతున్నా ఆగకుండా మూత తెరిచాడు. మడత కనబడింది. ఎవరి పని ఇదని ఉర్దూలో అడిగాడు. నౌమాన్ ముందుకొచ్చాడు. తప్పు తనదేననీ, రెండోసారి చూడమని ఎవరినీ పిలవలేదనీ, సదానందం అన్న కింద నిలబడే పసిగట్టి ప్రాణాలు కాపాడాడనీ చెప్పాడు.

కెప్టెన్‌కు తెలుగు రాదు. రేడియోలో ఏం మాట్లాడుకున్నారో ఆ ఇద్దరికే తెలుసు. నోరు మూసుకుంటే చాలు, కొత్త హ్యాంగరు ఒళ్లో వచ్చి పడుతుంది.

కెప్టెన్ సదానందం భుజం తట్టాడు. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన చెయ్యి అది. దాన్ని ఇప్పించింది నౌమాన్. రేపటి నుంచి పెద్ద మెకానిక్ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఇది నౌమాన్ పెట్టిన భిక్ష అని కడుపు రగులుతూనే ఉంటుంది. మంచితనంలో కూడా వీడే పైచెయ్యి కావాలా?

"ఎందుకు అబద్ధమాడినవురా?" అన్నాడు పళ్ల బిగువున.

"ఊరుకో అన్నా. నీకు ఇంటికాడ ముగ్గురు పిల్లోళ్లు," గొణిగాడు నౌమాన్.

"నా పిల్లలను నేను సాదుకుంట."

సదానందం కెప్టెన్ వైపు తిరిగి, తనకు వచ్చిన ముక్కల ఉర్దూలో, పట్టీ మడత తను కళ్లారా చూసే బాగుందన్నానని చెప్పేశాడు.

భుజం మీది చెయ్యి లేచిపోయింది. ఆఫీసు వైపు నడవమని కెప్టెన్ వేలు చూపించాడు. కెప్టెన్‌ను బతిమాలడానికి నౌమాన్ వెంట రాబోయాడు.

"నువ్వు రాకు," అన్నాడు సదానందం. "నా గురించి నువ్వు మాట్లాడకు."