బయటికెళ్ళినట్టు ముద్ర

అజీర్తేనంటాడు, అజీర్తికి ఎడమచెయ్యి ఎందుకు లాగుతుంది, రాత్రి ఆల్చిప్పలు నేనూ తిన్నాను, నాకేం కాలేదు, ఈయనకి మాత్రం నుదుటంతా చెమట, ఇంత చలిలో చెమట, తువ్వాలుతో తుడవబోతే పోవే పిల్లా, నన్ను పసివాణ్ణి చెయ్యకు, వెళ్ళి టీ పెట్టు అన్నాడు, పెడుతున్నాను, పడవ ఊగినప్పుడల్లా పొయ్యీ ఊగుతోంది, గోడకి నడుం ఆనించి నిలబడాలి, పెళ్ళైనప్పటినుంచీ ఇక్కడే ఆనిస్తున్నానేమో ఈ చోట చెక్క నున్నగా అరిగిపోయింది, కిటికీలోంచి రోస్కాఫ్ ఊరు కనిపిస్తోంది, చర్చి గోపురం, రేవు గోడ, గోడ వెనక తెల్లగా ఒక వ్యాను, అది అంబులెన్సో చేపల వ్యానో, అంబులెన్సే అనుకుంటే కాస్త ధైర్యంగా ఉంది, రేడియో నా తల పక్కనే, మీట నొక్కితే చాలు రేవువాళ్ళు పలుకుతారు, ముట్టుకోకు అన్నాడు హెడ్లీ, పడుకున్నచోటినుంచే, కళ్ళు మూసుకునే, నా చెయ్యి ఎటు పోతోందో ఈయనకి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది, మనమిక్కడ లేం టామ్సిన్, గుర్తుపెట్టుకో అన్నాడు.

మేమిక్కడ లేం, నిజమే, ఫ్రాన్సులో లేం, నిన్న ఫెర్రీ రేవులో పోలీసు కుర్రాడు ఇద్దరి పాస్‌పోర్టుల మీదా బయటికెళ్ళినట్టు ముద్ర వేసి శుభయాత్ర మేడమ్ అని నవ్వాడు కూడా, మర్యాదస్తుడే, బ్రిటన్ యూరప్ నుంచి విడిపోయాక మాకు పట్టిన భాగ్యం ఇది, ఆరు నెలల్లో తొంభై రోజులే ఇక్కడ ఉండాలి, మా తొంభై నిన్నటితో సరి, మాలాంటి చిన్నపడవల వాళ్ళం పూర్వం గాలి చూసుకుని తాడు విప్పేవాళ్ళం, ఇప్పుడు ముందు ముద్ర వేయించుకుని ఆ తర్వాత గాలి కోసం దేవుణ్ణి వేడుకోవాలి, దేవుడికేం తెలుసు మా ముద్ర సంగతి, రేవుకెదురుగా ఉన్న బా దీవి దాటామో లేదో ఉత్తరపు గాలి ఎదురుగా విరుచుకుపడింది, పెద్ద తెరచాప చర్రున చిరిగింది, తిప్పెయ్ హెడ్లీ, మన ఊరు ఫాల్మత్ ఎక్కడికీ పోదు అని అరిచాను, తిప్పాడు, చిరిగిన చాపని ఒక్కడే కిందికి లాగాడు, అప్పుడే ఏదో పట్టేసిందన్నాడు రొమ్ములో, బా దీవి చాటున లంగరు వేశాం, రేవులోకి పోదాం, గాలి ఎదురొచ్చిందని చెబితే ఆ ముద్ర రద్దు చేస్తారు అన్నాను, రద్దు చేస్తే తెల్లారేసరికి తొంభై ఒకటో రోజవుతుందే పిచ్చిదానా, క్లైవ్ గతి చూశావుగా అన్నాడు, క్లైవ్ మా పక్క పడవవాడు, లెక్క తప్పి నాలుగు రోజులు ఎక్కువున్నాడు, జరిమానా కట్టి ఇంక రాకు అనిపించుకున్నాడు, ఇప్పుడు వాడి పడవ గడ్డిలో కొయ్యల మీద కూర్చుంది, వాడు రోజూ వెళ్ళి దాని చుట్టూ తిరిగొస్తాడు, నాకా గతి పట్టనివ్వకు పిల్లా, ఈ తీరం లేకపోతే నేనేం చెయ్యను, గులాబీ కొమ్మలు కత్తిరిస్తూ చావాలా అన్నాడు, చావాలా అని ఈయనే అన్నాడు.

పొద్దున యాన్ వచ్చాడు, ఈ దీవివాడే, మా కుర్రతనం నాటి నేస్తం, చిన్న పడవలో తెడ్లేసుకుంటూ, అలల జల్లుకి తడిసి ముద్దై, బకెట్టులో కానాగంత చేపలు, ఏం దొరగారూ, రెండు దేశాలూ మెడబట్టి గెంటాయా, దిగండి, మా ఆవిడ సూప్ కాచింది అన్నాడు, నేను నీ దేశంలో లేనోయ్, సముద్రంలో ఉన్నాను అన్నాడు ఈయన, ఓహో, మరి లంగరు దిగింది ఎవరి ఇసకలోనో, మా తాత సైకిలుకి ఉల్లిపాయల దండలు కట్టుకుని మీ ఫాల్మత్‌లో ఇల్లిల్లూ తిరిగాడు, ఉల్లి ఘాటుగా ఉందా అనడిగారే గాని ముద్ర ఉందా అని ఒక్క దొరసానీ అడగలేదు, అని యాన్ పగలబడి నవ్వాడు, ఈయనా నవ్వాడు, నవ్వుతూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, మొహం అలా పాలిపోయిందేం అన్నాడు యాన్, రాత్రి నిద్రలేదులే అన్నాను, నేనే అన్నాను, ఈయన నా వైపు చూసిన చూపుకి అన్నాను, ఆ చూపు కోసం ఎన్నిసార్లు ఎన్ని అనలేదు, యాన్ తెడ్లేసుకుంటూ వెళ్ళిపోయాడు, కానాగంతల కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి, బాగుచెయ్యాలి, ఉప్పు రాయాలి, బల్ల మీద పసుపు జెండా మడతపెట్టి ఉంది, వంటింటి తెరతో నేనే కుట్టాను, మా నీళ్ళలోకి వెళ్ళగానే అది ఎగరెయ్యాలి, బయటినుంచి వచ్చాం, ఇంకా లోపలికి రాలేదు అని దానర్థం, రాకముందే పంపాల్సిన ఫారం కూడా ఫోనులో పంపేశాడు, రేపు సాయంత్రం చేరతామని, అంటే ఇంగ్లండులోనూ లేం, ఎక్కడా లేం పిల్లా, హాయిగా ఉంది కదూ, ఎక్కడా లేనివాడికి ఏమీ కాదు అని నిన్న రాత్రి జోకు వేశాడు, నాకు నవ్వొచ్చింది, ఛీ, నవ్వాను.

టీ తెచ్చాను హెడ్లీ, పట్టుకో, పట్టుకోవేం, కప్పు ఈయన వేళ్ళలోంచి జారి పసుపు జెండా మీద ఒలికింది, జెండా పోతే పోయింది, హెడ్లీ, ఇటు చూడు, పెదాలు నీలంగా ఉన్నాయేమిటి, ముసలాడా, ఆటలాడకు నాతో, మీట నొక్కాను, ఎప్పుడు నొక్కానో తెలియదు, రేవు కచేరీ నుంచి ఆడగొంతు పలికింది, చెప్పండి మేడమ్, నేనేం చెప్పాను, మొట్టమొదట అదే చెప్పాను సిగ్గులేకుండా, మాకు ముద్ర లేదండీ, అంటే ఉంది, బయటికెళ్ళినట్టు ఉంది, గాలి వల్ల, ఆవిడ ముద్ర ఎవరడిగారు మేడమ్, ఏం జరిగిందో చెప్పండి అంది, మా ఆయన, గుండె, ఊపిరి ఆడుతోందా, తెలియదు, చెంప ఆనించి చూడండి, ఆడటం లేదు, ఆడటం లేదమ్మా, రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కండి, ఆపకండి, లైఫ్‌బోట్ కదిలింది, రేడియో పక్కన పడేసి నొక్కుతున్నాను, ఈయన చొక్కా గుండీలు అరచేతికి గుచ్చుకుంటున్నాయి, నేనే కుట్టిన గుండీలు, నొప్పి ఎప్పటినుంచి మేడమ్ అని రేడియో అడుగుతోంది, నిన్నటినుంచి, పొద్దున ఎక్కువైంది, పొద్దుననా, మీరెక్కడున్నారు, బా దీవి చాటున, నీలం పడవ, ఆ నీలం పడవా, అయ్యో, నా కిటికీలోంచి పొద్దున్నుంచీ కనిపిస్తూనే ఉన్నారు కదా మేడమ్, మరి ఎందుకు పిలవలేదు అంది, కసురుతూ కాదు, నిజంగా తెలియక అడిగింది.

రేవు గోడ దాటి నారింజరంగు పడవ వస్తోంది, నీళ్ళు రెండుగా చీల్చుకుంటూ, ఎంత దగ్గర, అబ్బ, ఎంత దగ్గరో, టీ కాగేలోపు వచ్చేస్తారు, వాళ్ళ వెనక యాన్ కూడా తన చిన్న పడవలో, లేచి నిలబడి చేతులూపుతున్నాడు, ఈయన మొహం మాత్రం నా చేతుల కింద ఎటు తోస్తే అటు వాలుతోంది, నేను నొక్కుతూనే ఉన్నాను, ఎందుకు పిలవలేదు, ఏమని చెప్పను ఆవిడకి, మేమిక్కడ లేం అనుకున్నామమ్మా అని చెప్పాలా, ఉన్నాం హెడ్లీ, పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాం, కిటికీలోంచి చూసినవాళ్ళందరికీ కనిపిస్తూనే ఉన్నాం.