బియ్యం గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. ఎక్కడో దారి వేయగా మిగిలిపోతే, మలయాలో ఒక రబ్బరు తోటకు తెచ్చి, ఆఫీసు ముందు గొలుసుతో వేలాడదీసి గంట అన్నారు. పొద్దున్నే మూడు దెబ్బలు కొడితే కూలీలు హాజరుకు వరస కట్టాలి. శనివారం గబగబా తొమ్మిది కొడితే బియ్యం కొలుస్తారు. విశాఖలో ఓడెక్కి వచ్చిన ఆ మనుషులు దేవుడి మాట విన్నా వినకపోయినా నా మాట వినేవారు.

నన్ను కొట్టే పని దాలయ్యది. బియ్యం గంట మాత్రం అతని కూతురు గైరమ్మ కొట్టేది. తల్లిలేని పిల్ల, పదేళ్లది. సుత్తి బరువుకు చివరి దెబ్బ ఎప్పుడూ జారేది. అందరూ నవ్వేవారు.

జపానువాళ్లు వస్తున్నారనగానే తెల్లదొర కారులో పారిపోయాడు. కుక్కను గుర్తుపెట్టుకుని ఎక్కించుకున్నాడు, కూలీలను మరిచాడు. కొత్త దొరలు వచ్చిన రోజే కోళ్లన్నీ పట్టుకున్నారు. అడ్డమొచ్చిన ముసలి వంటవాణ్ని పొడిచి నా కిందే పడేశారు. ఆ తర్వాత పక్కనున్న సయాం దేశపు అడవుల్లో రైలు దారి వేయడానికి మగవాళ్లను తోట తోటకూ వచ్చి లారీల్లో తోలుకుపోసాగారు. పోయినవాడు తిరిగి రాలేదు. అది విని మా తోట మగవాళ్లు అడవిలో దాక్కున్నారు.

పోతూ పోతూ దాలయ్య కూతురికి ఒకటే చెప్పాడు. "ఎవులడిగినా మేవెక్కడున్నావో సెప్పకే అమ్మా. సంపేత్తామన్నా సెప్పకు."

జపాను సైనికుడు గైరమ్మ చెంపలు వాయించాడు, చెప్పలేదు. జుట్టు పట్టి ఈడ్చాడు, చెప్పలేదు.

కూర్మినాయుడు మేస్త్రీ అసలు అడగనే లేదు. వీళ్లందరినీ ఊళ్లనుంచి ఓడెక్కించి తెచ్చిన పెద్దమనిషి, ఇప్పుడు చేతికి జపాను పట్టీ కట్టుకున్నాడు. మూడు బస్తాలు చూపించాడు.

"బియ్యం వొచ్చినాయే పిల్లా. మీ అయ్య వారం దినాలై తిండి నేకుండా ఉన్నాడు. గంట కొట్టు."

"పట్టుకుపోరు గదా, నాయుడు బాబూ?"

"బియ్యానికొచ్చినోల్లని ఎవులైనా పట్టుకుపోతారేటే?"

గైరమ్మ కొట్టింది. తొమ్మిదో దెబ్బ జారింది. మన పిల్ల చెయ్యేనని అడవిలోవాళ్లకు ధైర్యం వచ్చింది. సంచులు పట్టుకుని నలభై ఒక్కమంది నడిచి వచ్చారు, అందరికంటే ముందు దాలయ్య. నన్ను తిట్టకండి, కొడితే మోగడం తప్ప ఇనుముకేం తెలుసు?

బస్తాల్లో ఉన్నది ఊక. లారీ కదిలినప్పుడు కూడా దాలయ్య చేతిలో ఖాళీ సంచి ఉంది. గైరమ్మ వెనకే పరుగెత్తింది.

"నాను సెప్పనేదు అయ్యా! నాను సెప్పనేదు!"

యుద్ధం ముగిశాక దొర మరో కుక్కతో తిరిగొచ్చాడు. జాలిపడి, తండ్రి పని కూతురికే ఇచ్చాడు. మొదటి శనివారం గైరమ్మ తొమ్మిది దెబ్బలు కొట్టింది. ఆడవాళ్లు సంచులతో వచ్చి నిలబడ్డారు. గైరమ్మ ఆపలేదు. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. దొర చెవులు మూసుకుని, అందరూ వచ్చేశారు కదా, చాలించమని అరిచాడు.

"ఇంకా నలభై ఒక్కమంది రావాల దొరా" అంది గైరమ్మ. కొడుతూనే ఉంది.