దారం తెగింది

ఏడో తలుపు దగ్గర వడ్రంగి మేస్త్రి ఆగాడు. తెరిచాడు, వేశాడు, మళ్ళీ తెరిచి, చెవి చెక్కకు దగ్గరగా పెట్టి నెమ్మదిగా వేశాడు. కింది బందులో ఏదో నలిగిన చప్పుడు. నిన్న సాయంత్రం ఎవరో ఈ తలుపును విసిరికొట్టారు. కత్తిరింపుల గది తలుపు ఇది. అక్కడ పనిచేసేవాళ్ళలో అలా విసిరే చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి గల మనిషి ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. మేస్త్రి మర బిగించి, రెండు చుక్కలు నూనె వేసి, ఎనిమిదో తలుపు దగ్గరికి నడిచాడు.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో మొత్తం ముప్పై ఒక్క తలుపులు. పొద్దున్నే, మెషిన్లు మొదలు కాకముందు, అన్నిటినీ ఒకసారి తెరిచి వేయడం అతని అలవాటు. ఎవరూ చెప్పిన పని కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాడు. మనిషి నోటితో ఒకటి చెబుతాడు, తలుపు వేసేటప్పుడు చెయ్యి ఇంకొకటి చెబుతుంది. అతను చేతిమాటే నమ్ముతాడు.

పొట్టి మనిషి. సంచీ మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగింది. పెన్సిలు లేకపోయినా కుడి చెవి పెన్సిలు పెట్టుకున్నట్టే పక్కకు వంగి ఉంటుంది. బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడి, అలాగే ఉండిపోయింది. ఈ సాయంత్రంతో అతని ఉద్యోగం అయిపోతుంది. ఆ సంగతి పొద్దున్నించి ఇద్దరు ముగ్గురు గుర్తుచేశారు. అతను ఊ అన్నాడు.

మెట్ల కింద ఉన్న ముప్పై ఒకటో తలుపును మాత్రం చివర చూస్తాడు. దాన్ని దారాల గది అంటారు. ఒకప్పుడు దారపు ఉండలు పెట్టేవారు. ఇప్పుడు లోపల ఒక ముక్కాలిపీట, ఒక చెక్క అర. పైన అరచేతి మందం కిటికీ. ఒక్క మనిషికే చోటు. లోపల గడియ ఉంది.

హాల్లో రెండు వందల మంది కుడతారు. కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి ఒకరు మెషిన్ ఆపి, పక్కవాళ్ళతో "దారం తెగింది" అని లేస్తారు. దారాల గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంటారు. ఐదు నిమిషాలో పది నిమిషాలో ఉండి, ముఖం తుడుచుకుని వచ్చి కూర్చుంటారు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. దాని అర్థం మాత్రం హాల్లో అందరికీ తెలుసు. లేచిన మనిషి వచ్చేదాకా పక్కన కూర్చున్నవాళ్ళు ఆ మనిషి వాటా కూడా నాలుగు కుట్లు కుట్టి పెడతారు. ఎందుకని అడగరు.

తెలియనిది కొత్త మేనేజరుకే. తొమ్మిది నెలల కిందట వచ్చాడు. వచ్చిన మొదటి వారంలోనే లెక్క తీశాడు: రోజుకు పంతొమ్మిది సార్లు దారం తెగుతోంది. నాసిరకం దారం అన్నాడు. ఉండలన్నీ తిప్పి పంపించి, ఎక్కడినుంచో గట్టి దారం తెప్పించాడు. అది ఎంత గట్టిదంటే సూదులు విరిగేవి గాని దారం తెగేది కాదు. అయినా రోజుకు పంతొమ్మిది సార్లు దారం తెగుతూనే ఉంది. ఆ నెలంతా హాలు తలలు వంచుకుని నవ్వింది. మేస్త్రి కూడా చిత్రిక పడుతూ ఒకసారి నవ్వాడు.

ఇవాళ మెషిన్లు మొదలైన కాసేపటికే మేనేజరు కబురు పంపాడు. మేనేజరు గది హాలు మధ్యలో, నాలుగు వైపులా అద్దాలు. ముప్పై అయిదేళ్ళ మనిషి. నిద్ర చాలని కళ్ళు. ఎడమచేతిలో కలం తిప్పుతూ, మేస్త్రిని కూర్చోమన్నాడు. మేస్త్రి నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్ళ సేవ గురించి రెండు మంచి మాటలు చెప్పి, మేనేజరు అసలు సంగతికి వచ్చాడు. దారాల గదిలో కూర్చుని పని చెడగొడుతున్నారని తనకిప్పుడు తెలిసిందట. గది ఉండనిస్తాడట, గడియే వద్దట. ఎవరైనా ఎప్పుడైనా తోసి చూడగలిగేలా ఉంటే ఎవరూ లోపల కూర్చోరట.

"సాయంత్రంలోగా ఆ గడియ తీసెయ్యండి మేస్త్రీ. మీ చివరి పని అదే."

"తియ్యను సార్."

మేనేజరు విననట్టు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి నోటినుంచి ఆ మాట వచ్చినట్టు ఏ కాగితంలోనూ లేదు.

"తియ్యకపోతే రేపు బయటి వడ్రంగి వస్తాడు. రెండు నిమిషాల పని."

"రమ్మనండి. ఇవాళ్టికి మాత్రం ఈ ఫ్యాక్టరీకి వడ్రంగిని నేనే."

అని, అద్దాల తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికి వచ్చాడు. కోపంలో ఉన్నప్పుడు అతను తలుపులు ఇంకా నెమ్మదిగా వేస్తాడు.

ఎదురు చెప్పడం అలవాటు లేని ఒంటికి అది కొత్త బరువు. నడవాలో నీళ్ళ కుండీ దగ్గర ఒక గ్లాసు తాగి, పనిముట్ల గదిలోకి వెళ్ళి, ఇనుప తుక్కు పెట్టె కిందికి కుమ్మరించాడు.

అతని చిన్నప్పుడు వాళ్ళది ఒక్క గది ఇల్లు. ఏడుగురు మనుషులు. తలుపుకు బయట గొళ్ళెమే గాని లోపల గడియ లేదు. అమ్మ అప్పుడప్పుడు గింజల గాదె మూత తీసి, ఎంత మిగిలాయో చూస్తున్నట్టు తల లోపలికి పెట్టేది. చాలాసేపు చూసేది. ఒకసారి ఆమె పక్కకు వెళ్ళాక అతను కూడా తొంగిచూశాడు. అడుగున నాలుగు గింజలు తప్ప ఏమీ లేవు. పని నేర్చుకున్నాక అతను చేసిన మొదటి వస్తువు ఆ ఇంటి తలుపుకు లోపలి గడియ. ఎవరికి భయపడి దాక్కోవాలిరా అని నాన్న వెక్కిరించాడు. మర్నాడు మధ్యాహ్నం అందరూ పొలంలో ఉండగా అమ్మ గడియ వేసుకుంది. ఆ రోజునుంచి గాదె మూత గింజల కోసమే తీసింది.

తుక్కులోంచి వేలెడు వెడల్పు కమ్మీ ఒకటి ఏరాడు. పాత మెషిన్‌లోంచి ఊడదీసిన చిన్న స్ప్రింగు ఒకటి. కమ్మీని బల్ల అంచున ఉన్న వైస్‌లో బిగించి ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు.

భోజనాల వేళకు కాజాలక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. కాజాలు కుట్టే మెషిన్ మీద ముప్పై ఏళ్ళుగా కూర్చున్న మనిషి. యాభై దాటింది. హాలంతటికీ అక్క. ఇంట్లో మంచం పట్టిన తోబుట్టువు ఉంది. ఆమె ముందు నవ్వుతూ ఉండాలి, ఆమె నిద్రపోయాక చప్పుడు చెయ్యకూడదు. ఏడవడానికి కాజాలక్కకు ఉన్న చోటు ఈ మెట్ల కింద గదే.

"ఆఖరి రోజు తియ్యని మాటలు చెప్పించుకుని పోక, ఈ గొడవెందుకు మేస్త్రన్నా?"

"మాటలు ఇంటికి మోసుకెళ్ళాలి. బరువు."

ఆమె నవ్వి, గొంతు తగ్గించింది. పోయిన వారం ఒక సాయంత్రం క్యారేజీ మర్చిపోయి వెనక్కి వచ్చిందట. హాలంతా ఖాళీ. దారాల గది తలుపు తోస్తే లోపల గడియ పడి ఉంది. ఎవరమ్మా లోపల, బాగానే ఉన్నావా అని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. మర్నాడే మేనేజరు ఆ గది సంగతి ఆరా తీయడం మొదలుపెట్టాడు. "ఎవరై ఉంటారంటావు? మన పిల్లలెవరైనా అయితే పలికేవాళ్ళు."

మేస్త్రి ఆకురాయి ఆపలేదు. అతనికి నాలుగు నెలలుగా తెలుసు. కుడిచేత్తో వేసి తీస్తే ఆ గడియ పిడి ఒక వైపుకు వాలుతుంది, ఎడమచేత్తో వేస్తే రెండో వైపుకు. కొన్ని పొద్దుల్లో అది రెండో వైపుకు వాలి ఉండేది. హాల్లో ఎడమచేతి వాటం వాళ్ళు ఇద్దరే, ఇద్దరూ ఐదున్నరకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఉండేది గేటు దగ్గర వాచ్‌మన్, అద్దాల గదిలో మేనేజరు. ఇంకొకటి కూడా అతను గమనించాడు. పిడి అలా వాలిన మర్నాడు మేనేజరు మెత్తగా మాట్లాడేవాడు. పది రోజులు వాలకపోతే గుండీ వంకరగా ఉందని కూడా అరిచేవాడు. పట్టుబడ్డానన్న సిగ్గుతో మనిషి ముందు తనకు కావలసినదాన్నే పీకి పారేయాలనుకుంటాడు. మేస్త్రి అది ఎవరికీ చెప్పలేదు. కాజాలక్కకూ చెప్పలేదు.

"ఎవరైతేనేం చెల్లెమ్మా. దారం తెగి ఉంటుంది."

ఆమె గుమ్మం వదిలి వెనక్కి తిరిగింది. "ఆ గడియ తీస్తే నేను హాలు నడిమధ్య, నా కుర్చీలోనే కూర్చుని ఏడుస్తాను. అద్దాల్లోంచి బాగా చూసుకోమను" అని వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట ఆ గడియ తుప్పు పట్టి విరిగితే, తగిన ఇనుము దొరక్క నెల రోజులు అలాగే ఉంది. ఆ నెలలో రెండు వేళ్ళలోంచి సూదులు దూసుకుపోయాయి. తొంభై చొక్కాలకు కాలర్లు తిరగబడ్డాయి. పదకొండేళ్ళు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒక కత్తెర కోసం మాటలు మానేశారు. ఎవరూ కారణం కనుక్కోలేదు. మేస్త్రి కొత్త గడియ బిగించిన వారానికి హాలు సర్దుకుంది.

అంతకుముందు సంవత్సరం అతని భార్య పోయింది. పనిలోకి వచ్చిన మొదటి రోజు తలుపులు చూస్తూ చూస్తూ హాలు మధ్యలో ఆగిపోయాడు. నోటికి ఏం వస్తుందో తెలియకుండానే, "దారం తెగింది" అన్నాడు. వడ్రంగికి దారమేమిటని ఎవరూ నవ్వలేదు. రెండు వందల తలలు కుట్టు మీదికి వంగాయి. ఆ తర్వాత పదకొండు రోజులు అతను ఆ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పన్నెండో రోజు చూస్తే, అతని స్క్రూడ్రైవర్ పిడికి ఎవరో రంగురంగుల తెగిన దారాలు కలిపి ఒత్తుగా చుట్టి పెట్టారు, చేతికి మెత్తగా ఉండేలా. అది చుట్టిందెవరో అతను ఇప్పటికీ అడగలేదు.

మూడు గంటలకు పాత గడియ ఊడదీసి కొత్తది బిగించాడు. ఐదున్నరకు హాలు ఖాళీ అయింది. వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరే పనిముట్ల గది దగ్గర ఆగి, వస్తాం మేస్త్రన్నా అన్నారు. ఆ కత్తిరింపుల గది మనిషి కూడా ఆగి, పొద్దున తలుపు చప్పుడు రాలేదన్నాడు. చివర మేనేజరు వచ్చాడు. గడియ చూడగానే ముఖం ఎర్రబడింది.

"తియ్యమంటే కొత్తది పెట్టారా?"

మేస్త్రి పక్కకు జరిగి చూపించాడు. పాతదానికి మరలు పైకే ఉండేవి, తలుపు తెరిచి పెట్టి ఎవరైనా విప్పుకుపోవచ్చు. దీనికి మరలు కమ్మీ కింద ఉన్నాయి. గడియ తీసి ఉన్నంతసేపూ కమ్మీ వాటిని కప్పేస్తుంది. వేస్తేనే కమ్మీ ముందుకు జరిగి మరలు బయటపడతాయి. తలుపు చౌకట్టుకు ఆనితే తప్ప కమ్మీ కదలకుండా స్ప్రింగు పెట్టాడు.

"తియ్యాలంటే ముందు లోపలికి వెళ్ళి గడియ వేసుకోవాలి సార్. ఒక్కరే."

"నా మాట కాదనడానికే చేశారు కదా ఇది?"

"అవును సార్."

మేనేజరు జేబులోంచి కలం తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తలుపు పగలగొట్టించగలనన్నాడు. పగలగొట్టించవచ్చని మేస్త్రి ఒప్పుకున్నాడు. హాలంతా వినబడుతుందని మాత్రం అన్నాడు. తర్వాత, ఎప్పుడూ చెప్పనంత పొడుగు మాట చెప్పాడు.

"మీ గది తలుపు బిగించింది కూడా నేనే సార్. నాలుగు పక్కలా అద్దం. గడియ పెట్టడానికి చోటు దొరకలేదు. అది నాకు ఇప్పటికీ లోటే. దీనికి పిడి కుడివైపూ ఎడమవైపూ పెట్టాను. ఎడమచేత్తో వేసినా తేలిగ్గానే పడుతుంది."

మేనేజరు తల ఎత్తాడు. మేస్త్రి అప్పటికే గడియ వైపు చూస్తున్నాడు, ఎవరి కళ్ళూ ఎవరికీ అడ్డు రాకుండా. మెట్ల పైన ఎక్కడో కొళాయి చుక్కలు పడుతున్నాయి. అతను సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి, గదిలో చెక్క అర మీద పెట్టాడు. సంచీ భుజానికి తగిలించుకుని నడిచాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ జాబితా పట్టుకుని సంచీ విప్పించాడు. ఉలులు, చిత్రిక, రంపం, సుత్తి, పట్టకారు. ఆఖరి రోజు కూడా వదలవా అని మేస్త్రి అంటే, ఆఖరి రోజే కదా మామా గట్టిగా చూడాల్సింది, రేపు ఎవర్ని అడగను అన్నాడు. జాబితా మీద వేలు ఒకచోట ఆగింది.

"స్క్రూడ్రైవర్ ఏది మామా?"

"పనిలో ఉంది."

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. మేస్త్రి సంచీ కట్టుకుని, చిన్న గేటు తెరిచి బయటికి వెళ్ళి, దాన్ని చప్పుడు కాకుండా వెనక్కి వేశాడు. రోడ్డు దాటాడు. ఎడమ భుజం కిందికి దిగిన ఆ నడక మలుపు దాకా కనిపించి, తర్వాత కనిపించలేదు.

లోపల దారాల గది తలుపు మూసుకుంది. కొత్త కమ్మీ ముందుకు జరిగింది. మరలు నాలుగూ బయటపడ్డాయి. ఆ సాయంత్రం అద్దాల గదిలో దీపం చాలాసేపు ఖాళీ కుర్చీ మీద వెలిగింది.

మర్నాడు బయటి వడ్రంగి రాలేదు. పదిన్నరకు కాజాలక్క మెషిన్ ఆపి, "దారం తెగింది" అని లేచింది. అద్దాల వెనక మేనేజరు తల దించుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది, అది తేలిగ్గా పడింది. అర మీద మేస్త్రి స్క్రూడ్రైవర్ ఉంది. చేత్తో పట్టుకున్నప్పుడు గాని ఆమెకు తెలియలేదు, నాలుగేళ్ళ కిందట తను చుట్టిన ఆ రంగుల దారం ఎవరో కొస దాకా ఊడదీసి, మళ్ళీ ఓపికగా, ఈసారి ఎడమచేతి వాటంగా చుట్టి పెట్టారని.